ఫొటోల బాత్రూం

ప్రభుత్వ బడిలో హెడ్మాస్టరు పొద్దున్నే చెయ్యాల్సిన మొదటి పని ఏమిటయ్యా అంటే, మరుగుదొడ్లకు ఫొటోలు తియ్యడం. ప్రార్థన ఆ తరవాత, పాఠాలు ఇంకా ఆ తరవాత. బేసిన్‌కొకటి, నేలకొకటి, కుళాయికొకటి, చేతులు కడుక్కునే చోటికొకటి తీసి యాప్‌లో పెట్టాలి. యాప్ మెచ్చితే పచ్చరంగు, మెచ్చకపోతే ఎర్రరంగు. ఎర్రరంగు వచ్చిన హెడ్మాస్టరుకు ఆ పూటంతా ఫోన్ల మీద ఫోన్లు. ఏటిగడ్డపాడు జిల్లా పరిషత్ హైస్కూలు హెడ్మిస్ట్రెస్ సీతారత్నానికి ఈ పని తలుచుకుంటేనే అసహ్యం. ఇన్నేళ్ళు లెక్కల పంతులమ్మగా బతికి, ప్రమోషన్ పుచ్చుకుని, చివరికి ఇస్త్రీ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని దొడ్డి మీదికి వంగి ఫొటోలు తియ్యడమా! థూ, ఇదీ ఒక ఉద్యోగమేనా అనుకునేది. అనుకుంటూనే తీసేది.

అసలు ఆవిడకు అసహ్యం వెయ్యని మనిషంటూ మండలంలో లేడు. స్టాఫ్ రూములో ప్లాట్ల బేరాలు మాట్లాడుకునే టీచర్లంటే అసహ్యం. పై ఆఫీసులో చేతులు నలుపుకుంటూ నిలబడే తోటి హెడ్మాస్టర్లంటే అసహ్యం. నిన్నటి ఫొటోల్నే ఇవాళ మళ్ళీ ఎక్కించే పక్క ఊరి హెడ్మాస్టరు దుర్గాప్రసాద్ అంటే మరీ అసహ్యం. "సిగ్గూ ఎగ్గూ వదిలేసిన జాతి" అని మొహం మీదే అనేసేది. మరి తనో? తను నిప్పు. ఒకరి చేతి కాఫీ ఊరికే తాగి ఎరగదు, బడికి ఆలస్యంగా వచ్చి ఎరగదు, అబద్ధమాడి ఎరగదు. ఎవరిని అడిగినా "సీతారత్నం మేడమా? అమ్మో, ఆవిడ నిప్పండీ" అనేవాళ్ళు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా పైకి విసుక్కునేది గాని, లోపల చల్లని మజ్జిగ తాగినంత హాయిగా ఉండేది.

ఈ నిప్పు సంగతి తెలియాలంటే ఆ బడి బాత్రూముల సంగతి తెలియాలి. రెండేళ్ళ కిందట ఆడపిల్లలకని ఆరు బాత్రూములు కట్టారు. గోడలకు నీలంరంగు టైల్సు, కొత్త తలుపులు, రిబ్బన్ కత్తిరింపు, లడ్డూలు. ఆర్నెల్లు తిరక్కుండానే బోరు మోటారు కాలిపోయింది. నీళ్ళు లేని దొడ్డి ఎట్లా తయారవుతుందో వేరే చెప్పాలా? అందులో అయిదింటి గురించి ఇక్కడ రాయను, చదివేవాళ్ళు మళ్ళీ అన్నం తినాలి. ఆరోదానికి మాత్రం, 'ఇదన్నా మిగలనీ, మోటారు బాగయ్యాక తెరుద్దాం' అని సీతారత్నం తాళం వేయించింది. మంచి ఉద్దేశంతోనే వేయించింది, కాదనకూడదు. మర్నాడు ఫొటోలు తియ్యాల్సి వచ్చేసరికి ఆ తాళం తీయించి, ఆ ఒక్కదాన్నే అటు నుంచి ఒకటి, ఇటు నుంచి ఒకటి, తలుపు తీసి ఒకటి, వేసి ఒకటి లాగించింది. ఆయా నజ్మీన్ చెంబుతో నాలుగు నీళ్ళు చల్లితే కుళాయి కింద తడి కూడా పడింది. యాప్‌లో పచ్చరంగు వెలిగింది. ఇందులో అబద్ధమేముంది? ఉన్న బాత్రూమేగా! మన బడిదేగా! అట్లా ఒక రోజు, ఒక వారం, చూస్తుండగానే ఏడాది దాటింది. తాళం తాళంలాగే ఉంది. పిల్లలు దానికి 'ఫొటోల బాత్రూం' అని పేరు కూడా పెట్టేశారు.

ఇంకా విడ్డూరం వినండి. మోటారు కోసం సీతారత్నం ఇంజనీరు చుట్టూ తిరిగింది కూడా. ఆయన తన ఫోను తీసి, బడి పేరు కొట్టి, పచ్చరంగు చూపించాడు. "ఏంటండీ మేడం, ఇంత తళతళలాడుతుంటే మోటారు పోయిందంటారు? నేల తడిగా ఉంది చూడండి. నీళ్ళు లేకుండానే తడిసిందా? ముందు ఎర్రరంగు బడులకు చెయ్యాలి గదా" అన్నాడు. ఏం చెబుతుంది? తేలు కుట్టిన దొంగలాగా నోరు మూసుకుని వచ్చేసింది. బస్సులో దారిపొడుగునా ఆ ఇంజనీరును తిట్టుకుంది. తన ఫొటోల్ని మాత్రం ఒక్క మాట అనుకోలేదు.

ఫిబ్రవరి నెలాఖరులో ఒక పొద్దున ప్రార్థన జరుగుతుండగా తొమ్మిదో తరగతి భానుశ్రీ పడిపోయింది. ఊళ్ళో మిరపకోతలు ముమ్మరంగా ఉన్నాయి, కళ్ళాల మీంచి గాలి తిరిగితే వరసంతా తుమ్ముతోంది. ముందు అందరూ ఘాటుకు కళ్ళు తిరిగాయనుకున్నారు. తీరా పట్టుకుంటే పిల్ల ఒళ్ళు కాలిపోతోంది, పొత్తికడుపు పట్టుకుని మెలికలు తిరుగుతోంది. సీతారత్నం వరసలు దాటుకుని పరుగెత్తింది. ఎందుకంటే ఆ బడి మొత్తంలో ఆవిడకు అసహ్యం వెయ్యని ప్రాణి ఏదైనా ఉంటే అది భానుశ్రీ ఒక్కతే. బోర్డు మీద లెక్క సగం రాస్తుండగానే కింద నుంచి జవాబు చెప్పే పిల్ల. "దీన్ని ఇంజనీరింగు సీటులో కూర్చోబెట్టకపోతే నన్ను పేరు పెట్టి పిలవకండి" అని టీచర్ల దగ్గర పంతం పట్టింది. ఆటో పిలిపించి, చేలో కాయ కోస్తున్న పిల్ల తల్లి చెంచమ్మను దారిలో ఎక్కించుకుని, దర్శి ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

డాక్టరు అమూల్య చిన్న వయసు మనిషి. పిల్లను పరీక్ష చేసి, "నీళ్ళు బాగా తాగుతావా?" అని అడిగింది.

"బళ్ళో తాగనండి. ఇంటికెళ్ళినాక తాగుతా."

"బళ్ళో ఎందుకు తాగవు?"

భానుశ్రీ తల్లి వంక చూసింది, మేడం వంక చూసింది, తల దించుకుంది. "తాగితే వెళ్ళాల్సొస్తది గదండీ."

"మరి పొద్దున ఇంటి దగ్గర బయలుదేరింది మొదలు, సాయంత్రం దాకా...?"

"ఆపుకుంటానండి. అందరం అంతేనండి."

ఇన్ఫెక్షన్ ముదిరి కిడ్నీల దాకా పాకిందని డాక్టరు చెప్పింది. మంట ఎప్పట్నించి అని అడిగితే దసరా సెలవుల ముందు నుంచి అంది పిల్ల. తల్లికి కూడా చెప్పలేదట, చెబితే బడి మాన్పిస్తుందని. డాక్టరు సీతారత్నం వైపు తిరిగి, "మీ బడిలో బాత్రూములు బాగుండవా మేడం?" అంది, మర్యాదగానే.

అప్పుడు సీతారత్నం చేసిన పని చూడాలి. ఆలోచించి చేసింది కాదు, అలవాటు మీద చేసింది. చేతిసంచీలోంచి ఫోను తీసి, "ఎంత మాటండీ! మా మండలంలో మాదే ఫస్టు. కావాలంటే చూడండి" అని ఆ పొద్దున తీసిన ఫొటో డాక్టరు మొహం ముందు పెట్టింది. మంచం మీద పడుకున్న భానుశ్రీ కూడా మెడ ఎత్తి చూసింది. చూసి, అంత జ్వరంలోనూ కళ్ళు పెద్దవి చేసింది.

"లోపల నీలం టైల్సు ఉన్నయ్యా మేడం!" అంది.

ఎత్తిపొడుపు కాదు, వెటకారం కాదు. ఆ పిల్ల నిజంగా ఆశ్చర్యపోయింది. ఎనిమిదిలో ఈ బళ్ళో చేరేసరికే మోటారు కాలి, మిగతా అయిదూ గోడల రంగు తెలియకుండా పోయాయి. దీనికి తాళం వేసిన తలుపు తప్ప ఏనాడూ లోపల చూసినది కాదు. డాక్టరు ఫొటో వంకా, పిల్ల వంకా, సీతారత్నం వంకా చూసి, ఇంకేం అడక్కుండా చీటీ మీద మందులు రాసింది. "నీళ్ళు మాత్రం గంటగంటకీ తాగించాలి. ఆపుకోవడం అనేది ఉండకూడదు. మళ్ళీ ఇట్లా వస్తే చాలా కష్టమవుతుంది" అని చెంచమ్మకు చెప్పింది. సీతారత్నానికి ఏమీ చెప్పలేదు.

బయటికి వచ్చాక వేపచెట్టు కింద చెంచమ్మ తేల్చి చెప్పేసింది. "ఇంక బడొద్దులెండి మేడంగారూ. నయమైనాక నాతో కాయ కోతకి తీసుకుపోతా."

"నీకేమన్నా పిచ్చా చెంచమ్మా! చదువుకునే పిల్లని కూలికి తోలతావా?" అని గయ్యిమంది సీతారత్నం.

"చేలో మిరప సాలు చాటన్నా ఉంటది. తోటి ఆడోళ్ళం ఒకళ్ళకొకళ్ళం చీర అడ్డం పట్టుకుంటాం. కూజాలో నీళ్ళుంటయి, తాగొద్దని ఎవరూ అనరు." చెంచమ్మ గొంతు పెంచలేదు. "నా బిడ్డని చదువుకోను పంపిచ్చా మేడంగారూ. మూత్రం ఆపుకోను పంపియ్యలా."

సీతారత్నం ఆటో ఎక్కింది. ఆటోలో తిరిగి వస్తూ, ఈ పల్లెటూరి మొండితనాన్ని అసహ్యించుకోబోయింది. ఎంత ప్రయత్నించినా అసహ్యం ఎప్పట్లాగా చెంచమ్మ వైపు పోలేదు.

ఆ పై వారంలో ఒంగోల్లో హెడ్మాస్టర్లకు నాయకత్వ శిక్షణ. పాఠం చెప్పేది అనంతపద్మనాభం గారు, రిటైరైన ప్రిన్సిపాల్. ఎండ మండిపోతున్నా కోటు వదలడు. ప్రధానోపాధ్యాయుడికి తన మీద తనకున్న అభిప్రాయమే బడికి పునాది అన్నాడు. వృత్తిధర్మం అన్నాడు. మనుషులే కాదు, సంస్థలు కూడా నేర్చుకుంటాయన్నాడు. ఒక బడి నేర్చుకున్నది పది బడులకు పాకాలన్నాడు. మాటలన్నీ ముత్యాలే. "సరే, నిజాయితీలో మీకు మీరు అయిదుకి అయిదు వేసుకునేవాళ్ళు చేతులెత్తండి" అన్నాడు. హాలంతా చేతులే. ఎవరి చెయ్యి ఎవరికంటే ముందు లేస్తుందా అన్నట్టు లేచాయి. నిన్నటి ఫొటోల దుర్గాప్రసాద్ అయితే రెండు చేతులూ ఎత్తి నవ్వించాడు. ఛీ, వీళ్ళ మొహాలకు అద్దాలు లేవా అనుకుంది సీతారత్నం. అనుకుని చూసుకుంటే తన చెయ్యి కూడా భుజం దాకా లేచి ఉంది. గబుక్కున దించేసి చీర కొంగు సర్దుకుంది.

ఆ తరవాత ఒక్కొక్కరూ తమ బడిలోని మంచి పద్ధతి ఒకటి అందరికీ చెప్పాలన్నారు. దుర్గాప్రసాద్ లేచాడు.

"మా బడిలో శానిటేషన్‌కి ఒక పద్ధతి పెట్టామండీ. ఒక యూనిట్‌ని సెపరేట్‌గా లాక్ అండ్ కీలో పెట్టాం. డైలీ ఫొటోలకి అదే. ఎప్పుడు తీసినా పచ్చరంగే. ఇదివరకు పాత ఫొటోలతో దొరికిపోయేవాణ్ణి, ఇప్పుడు ఆ బాధ లేదు." హాల్లో నవ్వులు. "అయితే ఇది మా సొంత బుర్ర కాదండోయ్! పోయిన ఏడాది ఏటిగడ్డపాడులో మీటింగు పెట్టినప్పుడు చూసి నేర్చుకున్నాం. క్రెడిట్ అంతా సీతారత్నం మేడం గారిది."

చప్పట్లు మోగాయి. "మేమూ అంతే, మేమూ అంతే" అంటూ ఆ మూల నుంచి ఈ మూల దాకా తలకాయలు ఊగాయి. అనంతపద్మనాభం గారు కోటు గుండీ సవరించుకుని, "చూశారా, సంస్థలు నేర్చుకోవడం అంటే ఇదే! ఒక బడి కనిపెట్టింది, మండలం మొత్తం నేర్చుకుంది. లేవండి మేడం, రెండు మాటలు చెప్పండి" అన్నాడు. ఆయన వెటకారానికి అన్నాడనుకుంటున్నారా? కాదు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

సీతారత్నం లేచింది. ఇన్నాళ్ళూ ఎవరిని చూసి ముక్కు మూసుకుందో, వాళ్ళందరూ తన శిష్యులే! గురివింద గింజ సామెత పిల్లలకు ఎన్నిసార్లు చెప్పిందో, ఆ గింజ తనేనని ఈ హాల్లో తెలిసింది.

"ఆ తాళం వల్ల మా బడిలో ఒక పిల్లకి కిడ్నీలు చెడేదాకా వచ్చింది" అంది. "పిల్ల బడి మానేసింది. లెక్కల్లో అంత చురుకైన పిల్ల ఇవాళ మిరపచేలో ఉంది. ఇది పద్ధతి కాదు, పాపం. మీ తాళాలు తీసెయ్యండి."

ఎవరో దగ్గారు. అనంతపద్మనాభం గారు గోడ గడియారం చూసి, "చాలా సెన్సిటివ్ పాయింట్ చెప్పారు మేడం. టీ బ్రేక్ తరవాత దీని మీద గ్రూపులుగా చర్చిద్దాం" అన్నాడు. టీతో పాటు సమోసాలు వచ్చాయి. అందరూ అటు మళ్ళారు.

దుర్గాప్రసాద్ సమోసా నములుతూ దగ్గరికొచ్చాడు. "మీరు మరీ ఎమోషనల్ అయిపోయారు మేడం. మా బళ్ళో మాత్రం ఆడపిల్లలు నీళ్ళు తాగుతారా ఏంటి? ఎక్కడా తాగరు. అందరికీ తెలిసిందేగా! మీకు ఇప్పుడే తెలిసినట్టు మాట్లాడతారేంటి?" అన్నాడు. అతని మూతికి సమోసా నూనె అంటుకుని మెరుస్తోంది. తెలిసిందేగా అన్న ఆ మాటతో సీతారత్నం తన సంచీ అందుకుంది. చర్చకు ఉండకుండా బస్సెక్కేసింది.

మర్నాడు బడికి వస్తూనే ఆరో బాత్రూం తాళం తీయించి, పారేయించింది. ఇప్పుడు తను చెయ్యాల్సింది చేసేసినట్టు గుండె తేలికపడింది. మధ్యాహ్నం అన్నాల వేళకు వెళ్ళి చూస్తే ఆరోది కూడా మిగతా అయిదింటి పక్కన చక్కగా చేరిపోయింది. అంతమంది ఆడపిల్లలు, చుక్క నీళ్ళు లేవు, ఇంకేమవుతుంది? నీలం టైల్సు కనపడితే ఒట్టు. సీతారత్నం కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఛీ, ఛీ! మనుషులా గొడ్లా! వీళ్ళకి బాగుచేసి పెట్టడం నాది బుద్ధితక్కువ" అని అరిచింది. పక్కన నజ్మీన్ ఖాళీ బకెట్టుతో నిలబడి, "నీళ్ళెక్కడియ్యి మేడం?" అంది. అంతే అంది.

సీతారత్నం కొంగు తీసేసింది. ఫోను తీసి, ఆరింటికీ ఉన్నది ఉన్నట్టు ఫొటోలు తీసింది. వంగి, దగ్గరగా, ఈసారి ఏదీ తప్పించకుండా తీసింది. యాప్‌లో ఎక్కించింది. ఏడాది పైగా పచ్చగా వెలిగిన ఏటిగడ్డపాడు క్షణంలో ఎర్రబడింది.

పావుగంటలో మండల విద్యాధికారి ప్రసన్నకుమార్ ఫోను. "మేడం, పొరపాటున ఎవరివో ఫొటోలు మీ లాగిన్‌లో పడ్డట్టున్నాయి."

"మావే సార్. ఇవాళ్టివే."

"అయ్యో, అట్టా అంటే ఎట్టా మేడం? మీ ఒక్క బడి వల్ల మండలం ర్యాంకు పడిపోద్ది. మళ్ళీ తీసి పెట్టండి."

"మోటారు లేదు సార్. నీళ్ళు లేవు. తిరిగి తీసినా ఇవే వస్తాయి."

ప్రసన్నకుమార్ గొంతు తగ్గించాడు. "నా మాట వినండి. ఈ నెలాఖరు దాకా ఎప్పట్లాగా కానివ్వండి. మోటారు సంగతి నేను స్వయంగా చూస్తాను. మీ పిల్లలకే గదా మంచిది?"

సీతారత్నం నాలుక చివరిదాకా 'సరే' వచ్చింది, అబద్ధమెందుకు. మోటారు వస్తుంది, నీళ్ళు వస్తాయి, భానుశ్రీ వస్తుంది. ఒక్క నెల. కాని ఇంజనీరు ఫోనులో పచ్చరంగు చూపించిన ముచ్చట ఎక్కడికి పోతుంది? పచ్చగా ఉన్న బడికి మోటారు ఎవడిస్తాడు? "ముందు మోటారు రానివ్వండి సార్. ఆ రోజే పచ్చ ఫొటో పంపుతాను" అంది.

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టుంది మేడం మీ వ్యవహారం. మెమో వస్తది, తరవాత నన్ననుకోవద్దు" అని ఫోను పెట్టేశాడు.

చూశారా, మెమో మాట వినపడేసరికి ఆవిడకు మళ్ళీ పాత జబ్బు తిరగబెట్టింది. తను నిప్పు! మండలమంతా ఒకవైపు, తను ఒకవైపు! ఈ సంగతి వెంటనే భానుశ్రీకి చెప్పాలి, తల్లి మెత్తబడుతుంది, పిల్ల సంచీ తగిలించుకుని వస్తుంది. ఆ సాయంత్రమే చెప్పులు చేత పట్టుకుని, గట్ల మీద నడుచుకుంటూ చెంచమ్మ కూలికి వెళ్ళే చేలోకి వెళ్ళింది. ఆడవాళ్ళు వరసగా వంగి కాయ కోస్తున్నారు. చివరి సాలులో భానుశ్రీ. తలకు తువాలు, మొహానికి గుడ్డ, వేళ్ళ కొసలు ఎర్రగా పొంగి ఉన్నాయి.

"తాళం తీసేశాను, తెలుసా? నిజం ఫొటోలు పెట్టేశాను. నాకు మెమో ఇస్తానన్నారు, ఇచ్చుకోమన్నాను" అని ఒక్క గుక్కలో చెప్పేసింది సీతారత్నం.

"నీళ్ళొచ్చినయ్యా?" అంది చెంచమ్మ, కాయ కొయ్యడం ఆపకుండానే.

"ఇంకా రాలేదు. వస్తాయి."

"మరి ఇప్పుడెందుకొచ్చారు మేడంగారూ?"

వరసలో ఆడవాళ్ళు తలలు ఎత్తలేదు గాని చెవులు ఎత్తారు. సీతారత్నం మొహం మాడిపోయింది. భానుశ్రీ మొహం మీది గుడ్డ కిందికి లాక్కుని, చాలా రోజులుగా అడగాలనుకున్నది అడిగినట్టు అడిగింది.

"మీరు యాడికి పోతారు మేడం?"

ఎక్కడికేమిటి? హెడ్మిస్ట్రెస్ గది వెనకాల స్టాఫ్ బాత్రూం ఉంది. దానికి వేరే చిన్న ట్యాంకు. రోజూ పొద్దున్నే నజ్మీన్ రోడ్డవతల బోరింగు దగ్గర బిందెలు నింపి, మోసుకొచ్చి, ఆ ట్యాంకులో పోస్తుంది. సీతారత్నం నీళ్ళు తాగుతుంది, కాఫీ తాగుతుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు లేచి వెళ్ళి వస్తుంది. బడి బాత్రూముల గురించి ఆలోచించిన ఇన్నాళ్ళలో ఒక్కసారన్నా, ఒక్కసారంటే ఒక్కసారి, అది కూడా బడి బాత్రూమేనని ఆవిడకు తట్టలేదు. తాళం వేసినదాన్ని గురించి ఏడ్చింది గాని, తాళం అక్కర్లేనిదాని గురించి ఆలోచించలేదు. ఆ పిల్ల ఎదట నిలబడి ఉన్నపళంగా తన ఒంటి మీద తనకే రోత పుట్టింది.

"నా గదిలో" అంది. "రేపట్నుంచి నువ్వూ అక్కడికే రా" అంది.

"మా పిల్లొక్కదానికా?" అంది చెంచమ్మ. ఇప్పుడు నడుం ఎత్తి, మొహంలోకి చూస్తూ అంది. "మిగతా ఆడపిల్లలు?"

అంతమంది తన గదిలోంచి! మట్టి కాళ్ళతో, తన బల్ల పక్క నుంచి! సీతారత్నం కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుంది. ఎంత మారినా అసహ్యం అంత తొందరగా పోయే గుణం కాదు. అయినా నోరు తెరిచి, "అందరూ" అంది.

మర్నాడు పొద్దున్నే హెడ్మిస్ట్రెస్ గది రెండు తలుపులూ బార్లా తెరిచారు. సీతారత్నం పంచాయతీకి ఫోను చేసి, పోట్లాడి, ట్యాంకరు తెప్పించింది. నీళ్ళు చాలకపోతే బోరింగు నుంచి తనూ ఒక బకెట్టు మోసింది. మొదటి రోజు పిల్లలు గుమ్మం దాకా వచ్చి, నవ్వుకుని, పారిపోయారు. రెండో రోజు పదో తరగతి పిల్లలు కొందరు ధైర్యం చేశారు. ఆ తరవాత ఇంటర్వెల్ కొడితే చాలు, వరండా పొడుగునా వరస. గచ్చంతా తడి, తడి మీద మట్టి పాదాలు. ఇంగ్లీషు చెప్పే ధనశ్రీ టీచరు ముక్కు చిట్లించి, "మరి మనం ఎక్కడికి వెళ్ళాలి మేడం?" అనడిగింది. "వరసలో" అంది సీతారత్నం.

భానుశ్రీ మాత్రం రాలేదు. మొదటి రోజు రాలేదు, రెండో రోజు రాలేదు. సీతారత్నం గేటు వైపు చూసి చూసి మెడ నొప్పి పెట్టించుకుంది. నాలుగో రోజు ఇంటర్వెల్‌లో తల్లీ కూతుళ్ళిద్దరూ చేలో నుంచి అట్టే వచ్చారు. చెంచమ్మ ఎవర్నీ పలకరించకుండా తిన్నగా గదిలోకి నడిచి, బాత్రూం తలుపు తీసి, కుళాయి తిప్పి చూసింది. నీళ్ళు వచ్చాయి. కట్టేసింది. "సంచీ ఇంటికాడుంది, తెచ్చుకోపో" అని కూతురితో అని, వెనక్కి చూడకుండా కోతకు వెళ్ళిపోయింది.

ప్రసన్నకుమార్ మెమో ఇవ్వడానికి స్వయంగా వచ్చిందీ ఆ రోజే. తడి గచ్చు మీద జారబోయి, తలుపు పట్టుకుని నిలదొక్కుకున్నాడు. "ఇదేం బాగోతం మేడం?" అని వరస వంక నోరు తెరుచుకుని చూశాడు. సీతారత్నం మెమో మీద సంతకం పెట్టి ఇచ్చింది. పోతూ పోతూ ఆయన ఆ వరసకు నాలుగు ఫొటోలు తీసుకుపోయాడు. మధ్యాహ్నానికల్లా అవి హెడ్మాస్టర్ల వాట్సాప్ గ్రూపులో చక్కర్లు కొట్టాయి.

దుర్గాప్రసాద్ ఫోను చేశాడు. గొంతులో ఉత్సాహం పొంగిపోతోంది. "అదరగొట్టారు మేడం! పిల్లలు హెడ్మాస్టర్ రూములోకి! ఇది జిల్లా స్థాయికి వెళ్ళే ఐడియా. రేపు ఇంటర్వెల్‌లో మా ఆడపిల్లల్ని కూడా ఒక పది నిమిషాలు అట్టా నిలబెట్టి..."

"నిలబెట్టి?"

"ఫొటో తీయిద్దామని. ఏ యాంగిల్‌లో తీస్తే బాగుంటదో అడుగుదామని చేశా."

సీతారత్నం తిట్టబోయింది. ఏమని తిడుతుంది? ఈ మనిషికి ఈ విద్య నేర్పింది తనే, ఇక ఎంత మొత్తుకున్నా అతను తన దగ్గర నేర్చుకునేది ఇదొక్కటే. ఫోను కట్టేసి బల్ల మీద బోర్లా పెట్టింది.

చివరి పిరియడ్ నడుస్తోంది. గుమ్మంలో చప్పుడైతే తలెత్తింది. భానుశ్రీ నిలబడి ఉంది, చేతిలో ఖాళీ సీసా.

"మేడం, సీసా అయిపోయింది" అంది. కాస్త భయంగా, తప్పు చేసినట్టు నసిగింది. "ఇంకోటి నింపుకుని తాగొచ్చా?"

నీళ్ళు తాగడానికి పర్మిషన్. ఇన్నేళ్ళ సర్వీసులో తన బడి ఈ పిల్లకు నేర్పిన పాఠం ఇది. సీతారత్నానికి ఏడుపు రాలేదు. ఏడవడానికి కూడా తనకు మొహం లేదనిపించింది. లేచి, సీసా అందుకుని, తనే నింపుకొచ్చి పిల్ల చేతిలో పెట్టింది.

"తాగు" అంది. "కడుపునిండా తాగు. ఇంకెప్పుడూ నన్నడగబాకు."